స్కిజోఫ్రెనియా - దాని సామాజిక చరిత్ర

మన సాహిత్య విమర్శలో కొన్ని మాటలు తిట్లుగా చెలామణి అవుతున్నాయి. స్కిజోఫ్రెనియా వాటిలో ఒకటి. ఒక కవి ఉదయం విప్లవగీతం రాసి సాయంత్రం సర్కారు శాలువా కప్పించుకుంటే అది మధ్యతరగతి స్కిజోఫ్రెనియా. నవలలో నాయకుడు ఊళ్ళో ఒక మాటా పట్నంలో ఒక మాటా మాట్లాడితే అతడు స్కిజోఫ్రెనిక్ పాత్ర. ఈ వ్యాసకర్త కూడా ఆ తప్పు చేసినవాడే. రెండు నాలుకలవాణ్ణి నిలదీయటానికి తెలుగులో మాటలకు కరువు లేదు. వేషధారి అనవచ్చు, అవకాశవాది అనవచ్చు, గోడమీది పిల్లి అనవచ్చు. ఒక జబ్బు పేరు తెచ్చి అతికించినంత మాత్రాన ఆ అవకాశవాదికి వచ్చే నష్టమేమీ లేదు. నష్టమల్లా ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్ళకే.

అసలు ఆ జబ్బుకూ రెండు వ్యక్తిత్వాలకూ సంబంధమే లేదు. అది పట్టినవాడికి లేని గొంతులు వినిపిస్తాయి. తనను గురించి ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టో, తిడుతున్నట్టో, ఆజ్ఞాపిస్తున్నట్టో వుంటుంది. అన్నంలో విషం కలుపుతున్నారనీ, తన ఆలోచనలు నలుగురికీ తెలిసిపోతున్నాయనీ గట్టి నమ్మకం కుదురుతుంది. ఎంత వాదించినా అది కదలదు. మాట ఒక తోవన సాగదు. లోకం పిచ్చి అని పిలిచేది దీన్నే. కాని దీనికి మరో ముఖం వుంది. అది కంటికి ఆనదు, బతుకును మాత్రం ఎక్కువగా తినేస్తుంది. మనిషిలో పూనిక సన్నగిల్లుతుంది. పొద్దున్నే లేవటం, స్నానం చెయ్యటం, పలకరిస్తే నవ్వటం - ఇవన్నీ కొండలెక్కటంతో సమానమవుతాయి. చూసేవాళ్ళు దాన్ని జబ్బనుకోరు, సోమరితనం అనుకుంటారు. చాలామందికి ఇది ఇరవయ్యో ఏటికి కొంచెం అటూ ఇటూగా, చదువూ ఉద్యోగమూ పెళ్ళీ నిర్ణయమయ్యే వయసులో మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 300 మందికి ఒకరు. 2011 జనాభా లెక్కలకు దీన్ని వర్తింపజేస్తే మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కలిసి 2,80,000 మంది తేలతారు. ఇంతమంది వున్నారా అని ఆశ్చర్యపోతాం. వున్నారు. ఇంటి వెనకగదిలో వున్నారు గనుక మనకు కనపడరు.

నా తరగతిలో ఒక విద్యార్థి వుండేవాడు. బి.ఎ. రెండో సంవత్సరం. గణవిభజన నోటితోనే చేసేవాడు. దసరా సెలవుల తర్వాత వెనక బెంచీకి మారాడు. గడ్డం పెరిగింది. ప్రశ్న వేస్తే నా ముఖం కేసి కాక పక్కకు చూసేవాడు. ఒకరోజు "కవిగారు భావసమాధిలో వున్నారు" అన్నాను. తరగతి నవ్వింది. తర్వాత అతడు రావటం మానేశాడు. హాజరు చాలలేదని పట్టీలో పేరు కొట్టేసింది నేనే. మూడేళ్ళ తర్వాత ఒక సర్కారు ఆసుపత్రి వరండాలో అతని తల్లి నన్ను గుర్తుపట్టింది. "మావాడు బద్ధకస్తుడు కాదు సారూ. లోపల ఎవరో ఒకటే మాట్లాడుతుంటే వాడికి మీ పాఠం ఎట్లా వినపడుద్ది?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివినదే ఈ వ్యాసం.

ఈ వ్యాధికి మొదట పేరు పెట్టినవాడు జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్. 1890ల్లో హైడెల్బర్గులో పనిచేస్తూ, రోగికొక కార్డు చొప్పున రాసుకుని, వాటిని దొంతరలుగా పేర్చి చూశాడు. 1893 నాటి తన పాఠ్యగ్రంథంలో ఒక దొంతరకు "డిమెన్షియా ప్రీకాక్స్" అని పేరు పెట్టాడు. అంటే పిన్న వయసులోనే మతి క్షీణించటం. 1899 నాటి కూర్పులో దాన్ని ఉన్మాద విషాదాల జబ్బునుంచి విడదీశాడు. అది గొప్ప పనే. అయితే ఆ పేరులోనే తీర్పు కూడా వుంది. ఈ జబ్బు వస్తే క్షీణత తప్పదు అని. ఆయన చూసింది ఆసుపత్రి గోడల మధ్యకు చేరినవాళ్ళను. ఇంటిపట్టునే కోలుకుని పొలానికి పోయినవాడి కార్డు ఆయన దొంతరలో ఎందుకుంటుంది?

ఆ తీర్పును సడలించినవాడు ఆయిగన్ బ్లాయిలర్. ఈయన కథ మన వ్యావహారిక భాషోద్యమం ఎరిగినవాళ్ళకు ఆసక్తి కలిగిస్తుంది. జూరిక్ పక్కన ఒక పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టాడు. అక్కడి బుర్గ్‌హోల్జ్లి ఆసుపత్రికి జర్మనీ నుంచి వచ్చిన ఆచార్యులకు స్థానిక స్విస్ మాండలికం రాదు. రోగి ఏం చెబుతున్నాడో వైద్యుడికి తెలియదని రైతులు మొత్తుకునేవారు. బ్లాయిలర్ 1886 నుంచి పన్నెండేళ్ళు రైనావ్ ఆసుపత్రిలో రోగులతోబాటే బతికాడు, వాళ్ళ యాసలోనే మాట్లాడాడు, వాళ్ళతో కలిసి పనిచేశాడు. వినేవాడు దొరికితే పిచ్చిమాటలో కూడా అర్థం దొరుకుతుందనీ, అందరూ క్షీణించరనీ గ్రహించాడు. 1908 ఏప్రిల్ 24న బెర్లిన్ సభలో స్కిజోఫ్రెనియా అనే కొత్త పేరు ప్రతిపాదించి, 1911లో గ్రంథం ప్రచురించాడు. మనసులోని ఆలోచన, ఉద్వేగం, సంకల్పం ఒకదానినుంచి ఒకటి విడిపోవటం అని ఆయన ఉద్దేశం. లోకం దాన్ని ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు అని అర్థం చేసుకుంది. మన విమర్శకులకు అందింది ఆ రెండో అర్థమే. ఇంత సానుభూతి గల బ్లాయిలర్ కూడా రోగులకు సంతాన నిరోధ శస్త్రచికిత్స చెయ్యటాన్ని సమర్థించినవాడేనని మరవకూడదు. ఆ మాట మళ్ళీ వస్తుంది.

ఇక మనవాళ్ళకు ప్రీతిపాత్రమైన వాదన ఒకటి వుంది. పెట్టుబడిదారీ విధానమే పిచ్చిని పుట్టిస్తుంది, విప్లవం వస్తే అదే పోతుంది అని. 1939లో ఫారిస్, డన్హామ్ అనే సామాజిక శాస్త్రజ్ఞులు షికాగో నగరాన్ని పేటలవారీగా పరిశీలించి, నగరం నడిబొడ్డున వున్న పేదవాడల్లో స్కిజోఫ్రెనియా ఎక్కువని చూపించారు. వాదన రుజువైపోయిందనిపించింది. కాని 1963లో ఇంగ్లండులో గోల్డ్‌బర్గ్, మారిసన్ అనేవారు రోగుల వృత్తిని వాళ్ళ తండ్రుల వృత్తితో పోల్చారు. తండ్రులు సమాజంలో అన్ని అంతస్తులలోనూ వున్నారు. కొడుకులు మాత్రం అట్టడుగుకు జారిపోయారు. అంటే చాలావరకు పేదరికం జబ్బును తేలేదు, జబ్బే పేదరికాన్ని తెచ్చింది. వంశపారంపర్యానికి ఇందులో పెద్ద పాత్రే వుంది. అయినా అచ్చుగుద్దినట్టుండే కవలలలో ఒకరికి జబ్బు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. కనక రక్తం ఒక్కటే కారణం కాదు. నగరంలో పుట్టి పెరగటం, పరాయి దేశానికి వలస పోవటం, చిన్ననాటి హింస - ఇవి కూడా ముప్పును పెంచుతాయని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఈ సాక్ష్యాన్ని మన సిద్ధాంతానికి సరిపోయేట్టు కత్తిరించుకోవటం శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు. వర్గం ఎక్కడ నిర్ద్వంద్వంగా కనిపిస్తుందంటే, చికిత్సలో. 1958లో హాలింగ్స్‌హెడ్, రెడ్లిక్ అనేవారు అమెరికాలోని న్యూహేవెన్ పట్టణ రోగులను లెక్కించి, సంపన్నుడికి వైద్యుడి ఎదుట కూర్చుని మాట్లాడే వైద్యమూ, పేదవాడికి విద్యుత్తు షాకులూ, బందిలదొడ్డి లాంటి ఆసుపత్రీ దక్కుతున్నాయని తేల్చారు. వ్యాధికి వర్గం లేకపోవచ్చు. వ్యాధిగ్రస్తుడికి వుంది.

ఇంకొక వాదన, ఆర్.డి. లైంగ్ పేరుతో 1960లలో యువకుల మనసు దోచినది. పిచ్చివాడు జబ్బుపడ్డవాడు కాదు, పిచ్చి సమాజంమీద తిరగబడ్డవాడు అని. లైంగ్ రోగి మాట చెవినబెట్టాడు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కాని రాత్రంతా గొంతులు తిడుతుంటే చెవులు మూసుకుని గోడకు తల బాదుకునేవాణ్ణి విప్లవకారుడనటం, అతని బాధను మన అలంకారానికి వాడుకోవటమే. పైగా ఆ వాతావరణంలోనే నేరం తల్లిమీదికి నెట్టారు. కొడుక్కి స్కిజోఫ్రెనియా తెప్పించే తల్లి అనే మాట 1948లో ఫ్రీడా ఫ్రామ్‌రైక్‌మన్ అనే వైద్యురాలి వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. రెండు దశాబ్దాలకు పైగా ఎందరు తల్లులు ఆ నిందను మోశారో! ఆ నిందకు శాస్త్రీయమైన ఆధారం ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

ఇక రాజ్యం చేతిలో ఈ పేరు ఏమైందో చూద్దాం. హిట్లర్ ప్రభుత్వం 1933 జులై 14న ఒక చట్టం చేసింది. వంశపారంపర్య రోగులు పిల్లల్ని కనకుండా బలవంతాన శస్త్రచికిత్స చెయ్యవచ్చు. జబ్బుల జాబితాలో స్కిజోఫ్రెనియా రెండోది. దాదాపు నాలుగు లక్షల మందిని ఆ చట్టం కింద వంధ్యుల్ని చేశారు. చట్టానికి వ్యాఖ్యానం రాసినవారిలో ఎర్న్‌స్ట్ ర్యూడిన్ అనే ప్రఖ్యాత వైద్యుడున్నాడు, క్రేపెలిన్ శిష్యుడే. 1940, 41 సంవత్సరాలలో ఆరు కేంద్రాలలో విషవాయువు గదులు కట్టారు. గ్రాఫెనెక్, బ్రాండెన్‌బుర్గ్, హార్ట్‌హైమ్, జోన్నెన్‌స్టైన్, బెర్న్‌బుర్గ్, హాడమార్. హంతకులు వేసుకున్న లెక్క ప్రకారమే 1941 ఆగస్టు నాటికి 70,273 మంది. యూదుల నిర్మూలన శిబిరాలకు ఆ గదులే నమూనా అయినాయి, ఆ సిబ్బందిలో కొందరే అక్కడికీ పోయారు. ఎవరిని చంపాలో నిర్ణయించటంలో ఒక ముఖ్యమైన ప్రశ్న: ఇతడు పని చెయ్యగలడా? లాభం తీసుకురాని మనిషికి తిండి దండగ అనే లెక్కను ఫాసిజం దాని చివరి అంకెదాకా వేసి చూపించింది. ఇన్ని హత్యలు చేసినా జబ్బు తుడిచిపెట్టుకు పోలేదు. యుద్ధం తర్వాత పుట్టి పెరిగిన జర్మనులకు కూడా అది వచ్చింది.

ఫాసిస్టుల నేరాలు చెప్పుకోవటం మనకు సులువు. మన ఇంటి నేరం చెప్పుకోవటమే కష్టం, చెప్పుకోక తప్పదు. సోవియట్ యూనియన్‌లో ఆంద్రేయ్ స్నెజ్నెవ్‌స్కీ అనే ఆచార్యుడు స్కిజోఫ్రెనియాలో మందకొడి రకం ఒకటి వుందన్నాడు. గొంతులు వినపడనక్కరలేదు, భ్రమలు కనపడనక్కరలేదు. లోకాన్ని సంస్కరించాలనే పట్టుదల కూడా లక్షణమే కావచ్చు! ఈ సూత్రం పోలీసుల చేతికి చిక్కింది. ప్యోత్ర గ్రిగొరెంకో యుద్ధంలో పోరాడిన సైనికాధికారి, మేజర్ జనరల్, కమ్యూనిస్టు. లెనిన్ దారికి తిరిగి రావాలని కరపత్రాలు పంచినందుకు 1964లో అతడు పిచ్చివాడయ్యాడు. 1969లో మళ్ళీ పట్టుకున్నప్పుడు తాష్కెంటు వైద్యులు ఇతనికి ఏ జబ్బూ లేదన్నారు. మాస్కోలోని సెర్బ్‌స్కీ సంస్థ వుందంది. 1974 దాకా నిర్బంధంలో వున్నాడు. ఆ నిర్ణయం తప్పని నివేదిక రాసిన సెమ్యోన్ గ్లూజ్‌మన్ అనే యువ వైద్యుడికి ఏడేళ్ళ శిక్ష పడింది. చెకొస్లొవేకియా మీద దాడికి నిరసనగా 1968 ఆగస్టు 25న ఎర్రమైదానంలో కూర్చున్న కవయిత్రి నతాల్యా గోర్బనేవ్‌స్కయా కూడా ఇదే పేరుతో కజాన్ ఆసుపత్రికి చేరింది. 1977లో హోనలూలూలో ప్రపంచ మనోవైద్య మహాసభ దీన్ని ఖండించింది. అమెరికా మాత్రం తక్కువ తిన్నదా అంటే లేదు. అదే దశాబ్దాలలో మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా ఆసుపత్రిలో ఈ పేరు కోపం చూపించిన నీగ్రో యువకులకు అతికించబడిందని చరిత్రకారులు రుజువు చేశారు. కాని ఎదుటివాడి పాపం మన పాపానికి ప్రాయశ్చిత్తం కాదు గదా. అక్కడ నిజంగా జబ్బుపడ్డ లక్షలమంది సంగతి కూడా తలుచుకోవాలి. ఆసుపత్రి జైలైపోయినచోట వైద్యుణ్ణి రోగి ఎట్లా నమ్ముతాడు?

మందుల చరిత్రలో మన దేశానికి ఒక పుట వుంది. అది పాఠ్యపుస్తకాలకు ఎక్కాల్సినంతగా ఎక్కలేదు. మన పల్లె వైద్యులు పిచ్చికి సర్పగంధ వేరు వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ వేరు మతిభ్రమనూ రక్తపుపోటునూ అణచుతుందని వైద్యపత్రికలో రాశారు. పరాధీన దేశపు పత్రికను యూరపు పట్టించుకోలేదు. రెండు దశాబ్దాలు గడిచాక, 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ అదే వేరునుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. 1954లో న్యూయార్కు రాష్ట్రంలో నేథన్ క్లైన్ దాన్ని రోగులమీద ప్రయోగించి పేరుపొందాడు. వేరు మనది, పేటెంటు వాళ్ళది. ఇది దేశాభిమానంకొద్దీ అంటున్న మాట కాదు. రిసర్పిన్ ఎక్కువ కాలం నిలవలేదు. నిలిచింది క్లోర్‌ప్రోమజైన్. ఫ్రాన్సులో రోన్‌పూలాంక్ కంపెనీవాళ్ళు 1950 డిసెంబరులో తయారుచేస్తే, 1952లో పారిస్‌లోని సాంత్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ దాని గుణం నిర్ధారించారు. అంతకుముందు వున్నవి ఇన్సులిన్ మూర్ఛ, విద్యుత్తు షాకు, మెదడు నరాలు కోసే లోబాటమీ. చివరిదానికి 1949లో నోబెల్ బహుమానం కూడా ఇచ్చారు! కొత్త మందు గొంతులను చాలామందిలో అణిచింది. చేతుల వణుకూ, ఒంటి బిగుతూ, మగతా కూడా తెచ్చిపెట్టింది. పూనికను మాత్రం తిరిగి ఇవ్వలేకపోయింది. ఆ తర్వాత వచ్చిన మందులూ ఆ ఒక్క పని సరిగా చెయ్యలేకపోయాయి.

మందు వచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. 1955లో అమెరికా సర్కారు ఆసుపత్రులలో సుమారు 5,59,000 మంది రోగులుండేవారు. పాతికేళ్ళలో ఆ సంఖ్య దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. 1963 చట్టం ఊరూరా కేంద్రాలు పెడతామంది, చాలా భాగం వెలియనే లేదు. ఆసుపత్రి ఖర్చు మిగిలింది, మనిషి ఫుట్‌పాత్ మీదికీ జైలుకూ పోయాడు. స్వేచ్ఛ పేరుతో ప్రభుత్వం తన బాధ్యతను వదిలించుకోవటం ఇది.

దీనికి భిన్నంగా జరిగింది ఇటలీలో. ఫ్రాంకో బసాల్యా 1971లో త్రియెస్తే ఆసుపత్రికి అధిపతిగా వచ్చేటప్పటికి అక్కడ 1,200 మంది దాకా వున్నారు. చికిత్స పేరుతో రోగులచేత తోటపనీ చాకిరేవూ చేయించి, ప్రతిఫలంగా సిగరెట్లు ఇచ్చేవారు. 1972లో రోగులు సహకార సంఘం పెట్టుకున్నారు. అదే పని, కాని ఒప్పందం మీద, కూలికి. నాకు ఈ చరిత్ర అంతటిలో అన్నిటికన్న పెద్ద సంఘటన ఇదే. పిచ్చివాడు శ్రామికుడయ్యాడు. 1973లో రోగులూ కళాకారులూ కలిసి పెద్ద నీలిగుర్రాన్ని కర్రతో చేసి ఊళ్ళోకి ఊరేగించారు. గేటు చాలకపోతే దాన్ని పగలగొట్టి మరీ తీసుకుపోయారు. 1978 మే 13న ఇటలీ పార్లమెంటు పిచ్చాసుపత్రులు మూసివేసే చట్టం చేసింది. చట్టం అన్నిచోట్లా ఒకేలా అమలు కాలేదు. డబ్బూ కేంద్రాలూ లేని ప్రాంతాలలో భారమంతా కుటుంబాలమీద పడింది, వాళ్ళ ఫిర్యాదు న్యాయమైనదే. త్రియెస్తేలో మాత్రం రాత్రింబవళ్ళు తెరిచివుండే కేంద్రాలు వెలిశాయి గనుక అది నిలిచింది.

మన దగ్గర గోడలు కూల్చవలసిన అవసరం అంతగా రాలేదు. కట్టిందే తక్కువ. 1858, 1912 చట్టాలు వెర్రివాణ్ణి బంధించటానికి చేసినవి. 1912 చట్టం స్థానంలో 1987 చట్టం 1993లోగాని అమలుకు రాలేదు. ఎర్రగడ్డ, విశాఖపట్నం అనే పేర్లు వైద్యానికి కాక వెక్కిరింతకు పనికొచ్చాయి. మిగిలినదంతా కుటుంబం చేసింది, లేదా గుడీ దర్గా చేశాయి. 1960ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది నగరాలలో రోగులను పోల్చినప్పుడు లండన్, వాషింగ్టన్ రోగులకన్న ఆగ్రా రోగులు బాగా కోలుకున్నట్టు తేలింది. మన ఉమ్మడి కుటుంబం గొప్పదని కొందరు పొంగిపోయారు. ఆ ఫలితాలమీద తర్వాత చాలా వివాదం నడిచింది. పొలంలోనో కొట్లోనో ఏదో ఒక పని ఇచ్చే పల్లె, మనిషిని పూర్తిగా వెలివెయ్యదన్నంతవరకు నిజం వుండవచ్చు. కాని ఆ ఉమ్మడి కుటుంబంలో అన్నం కలిపి పెట్టేదీ, మందు మింగించేదీ, రాత్రి తలుపు దగ్గర కాపలా పడుకునేదీ ఎవరు? తల్లి, భార్య, పెళ్ళికాని చెల్లెలు. ఆ చాకిరీకి ఏ లెక్కల పుస్తకంలోనూ పద్దు లేదు. కుటుంబం కూడా చేతులెత్తేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో చూశాం. దర్గా పక్కన ఒక ప్రైవేటు శరణాలయం పాకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసివున్నవాళ్ళు కదలలేక 28 మంది కాలిపోయారు. గొలుసు కట్టటాన్నీ, చికిత్స పేరుతో వంధ్యత్వ శస్త్రచికిత్స చెయ్యటాన్నీ నిషేధిస్తూ మన చట్టంలో స్పష్టమైన మాట చేరటానికి 2017 దాకా ఆగాల్సివచ్చింది.

జబ్బు మగవాడికి వస్తే పెళ్ళి చేస్తే కుదురుతుందంటారు. ఆడదానికి వస్తే పుట్టింటికి పంపుతారు. శారదా మేనోన్ 1984లో మద్రాసులో స్థాపించిన స్కిజోఫ్రెనియా పరిశోధనా సంస్థవారు భర్తలు వదిలేసిన రోగి స్త్రీలతో మాట్లాడి రాసిన సంగతులు చదివితే గుండె బరువెక్కుతుంది. చాలామందికి విడాకులూ లేవు, మనోవర్తీ లేదు. మెడలో తాళి మాత్రం వుంది. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు విడాకులకు కారణమయ్యే మానసిక రుగ్మతకు నిర్వచనం రాసి, అందులో పేరుపెట్టి మరీ చేర్చిన జబ్బు స్కిజోఫ్రెనియా. అయితే పేరు చూపించినంతమాత్రాన విడాకులు రావనీ, జబ్బు ఏ స్థాయిలో వుందో, కలిసి బతకటం నిజంగా అసాధ్యమో చూడాలనీ సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక వ్యాజ్యంలోనూ అదే మాట చెప్పి భర్త కోరిన విడాకులు నిరాకరించింది. భార్య వైద్యవిద్య చదివిన మనిషి. కోర్టుదాకా పోగలిగింది ఎందరు?

జపాను భాషలో ఈ జబ్బుకు మనసు చీలిన వ్యాధి అనే అర్థమిచ్చే పేరుండేది. రోగుల కుటుంబాల సంఘం పదేళ్ళపాటు పోరాడితే 2002లో అక్కడి వైద్యులు పేరు మార్చారు. పాత పేరును రోగి ముఖాన చెప్పటానికి వైద్యులే జంకేవారు. మార్చకముందు మూడింట ఒక వంతుకే తెలిసేది తమ జబ్బు ఏమిటో. రెండు మూడేళ్ళలో అది మూడింట రెండు వంతులైంది.

నా విద్యార్థి ఇప్పుడు మందు వేసుకుంటున్నాడు. ఉదయంపూట ఒక ఎరువుల కొట్లో పద్దులు రాస్తాడు. మధ్యాహ్నానికి మగత కమ్ముతుందట, అందుకు సగం కూలే ఇస్తారు. గొంతులు పూర్తిగా పోలేదు, దూరమయ్యాయి అంటాడు. మిగిలిపోయిన పరీక్షలు రాయవచ్చునా అని అడగటానికి పోయిన నెల కాలేజీకి వచ్చాడు. చెయ్యి వణుకుతుంటే దరఖాస్తు నేను రాశాను, సంతకం అతను చేశాడు. హాజరు చాలకపోవటానికి కారణం అనే గడి దగ్గర ఇద్దరం ఆగిపోయాం. జబ్బు పేరు రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చివరికి "రాయండి సార్" అన్నాడు. రాశాను. జవాబు ఇంకా రాలేదు.